రోడ్డు పక్క ఫ్లాట్‌లో నల్ల దుమ్ము: అందులో సీసం ఉందా, పాకే పాపను ఎలా కాపాడుకోవాలి?

బాలానగర్ మెయిన్ రోడ్డు పక్కన రెండో అంతస్తు, పొద్దున తుడిస్తే సాయంత్రానికి నల్ల దుమ్ము, ఏడాది పాప నేల మీద పాకుతోంది, గాలి నాణ్యత చెప్పే ఏక్యూఐ యాప్ మాత్రం పచ్చగా చూపిస్తోంది, ఇంట్లోకి సీసం వస్తోందా అని అడిగారు.

యాప్ చూసి నిశ్చింతగా ఉండకండి. మన ఏక్యూఐ పద్ధతిలో లెక్కకు తీసుకునే ఎనిమిది కాలుష్యాల్లో సీసం ఉన్నా, గంటగంటకూ మారే అంకెలో అది కలవదు. ఫిల్టర్ మీద దుమ్ము పట్టి, ల్యాబ్‌లో కొలిస్తేనే తెలుస్తుంది.

రంగును బట్టి కూడా చెప్పలేం. నలుపులో ఎక్కువ భాగం డీజిల్ మసి, టైర్ల అరుగుదల. టైర్ల నుంచి జింక్, బ్రేక్ ప్యాడ్ల నుంచి రాగి, యాంటిమనీ వస్తాయి. అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి దుమ్ము మీద తిప్పితే అంటుకునేది ఇనుప రజను. సీసం అంటుకోదు.

2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. కానీ సీసం కుళ్లేది కాదు, రోడ్డు పక్క మట్టిలోనే ఉండి బండ్లు తిరిగినప్పుడల్లా లేస్తుంది. పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు దగ్గర్లో ఉంటే ఇంకా ప్రమాదం. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు కిటికీలకు వేసిన ఎనామెల్ పెచ్చులూడుతుంటే అనుమానించాల్సిందే. దాన్ని పొడిగా ఎమరీ పేపరుతో రుద్దనివ్వకండి.

పాకే పిల్లలకు సీసం ఎక్కువగా చేతి నుంచి నోట్లోకి పోతుంది. అందుకని ఎయిర్ ప్యూరిఫయర్ కొనడం కన్నా ముందు తుడిచే పద్ధతి మార్చండి. నేలకు దిగిన దుమ్మును ప్యూరిఫయర్ ఏమీ చేయలేదు. చీపురుతో పొడిగా ఊడిస్తే సన్న దుమ్ము లేచి, గంటల తర్వాత మళ్లీ అక్కడే దిగుతుంది. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి సబ్బు నీళ్లకు, ఒకటి గుడ్డ జాడించడానికి. గదికోసారి నీళ్లు మార్చాలి. లేకపోతే హాల్లో దుమ్ము తెచ్చి పడగ్గదిలో పూసినట్టే. స్లైడింగ్ కిటికీ పట్టాలు చూడండి, పాప వేళ్లు అందే ఎత్తులో ఉంటే మరీను. దుమ్మంతా చేరేది అక్కడే. ముందు నీళ్లు చల్లి, ముద్దయ్యాక పాత గుడ్డతో ఎత్తి, కవర్లో కట్టి పారేయండి. హెపా ఫిల్టర్ (సన్న దుమ్మును పట్టే ఫిల్టర్) లేని వాక్యూమ్ క్లీనర్ సన్న దుమ్మును వెనక నుంచి గదిలోకే ఊదుతుంది. తినిపించే ముందు, పడుకోబెట్టే ముందు పాప చేతులు సబ్బుతో కడగాలి. శానిటైజర్‌తో సీసం పోదు.

దగ్గర్లో బ్యాటరీల షెడ్డు గానీ, ఇంట్లో పెయింట్ పెచ్చులు గానీ ఉంటే పిల్లల డాక్టర్‌ను అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. వేలి చుక్కతో చేస్తే చర్మం మీది దుమ్ము కలిసి ఎక్కువ చూపించవచ్చు, సిర (రక్తనాళం) నుంచి తీయమనండి. డెసిలీటరు (100 మి.లీ.) రక్తానికి 5 మైక్రోగ్రాములు, ఆపైన వస్తే సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలి. అదే రక్తంతో ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడమనండి, ఐరన్ తక్కువున్న పిల్లల ఒంటికి సీసం మరింత పడుతుంది.