రోడ్డు, కాలువ నిర్ణయాల్లో కాలనీవాసుల మాట ఎప్పుడు చెల్లుతుంది?

మీరు ఒంగోలులో కొత్తగా ఇల్లు కట్టుకున్నారనీ, మీ వీధి మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగుల రోడ్డుగా ఉందని ఒకరు, పై వీధుల మురుగు కాలువను మీ వైపు మళ్లిస్తారని మరొకరు చెబుతున్నారనీ రాశారు. ఇటువంటి నిర్ణయాలు ముందుగా తెలుసుకునే మార్గం ఉందా, మన అభిప్రాయం చెబితే ఎవరైనా వింటారా అని అడిగారు. నేను నెల్లూరు జిల్లాలోని ఒక పురపాలక పట్టణంలో కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిగా కొన్నేళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. తెలుసుకునే మార్గం తప్పకుండా ఉంది. వినడం మాత్రం మనం ఏ దశలో, ఏ రూపంలో చెప్పామన్నదాన్ని బట్టి ఉంటుంది. జేసీబీ వీధిలోకి వచ్చిన రోజున వందమంది కేకలు వేసినా కదలని పని, దాని ఖర్చు, కొలతల అంచనా తయారవుతున్న రోజుల్లో ఇచ్చిన ఒక్క పేజీ అర్జీతో మారడం నేను చూశాను.

మొట్టమొదట ఆ రోడ్డు ఎవరిది, ఆ కాలువ ఎవరిది అన్నది తేల్చుకోవాలి. మన రెండు జిల్లాల్లో సగం అర్జీలు చేరవలసిన కార్యాలయానికి చేరకపోవడం వల్లనే మూలపడుతుంటాయి. వీధి రోడ్డు, మురుగు కాలువ పురపాలక సంస్థ చూస్తుంది. ఊరి మధ్యగా పోయే పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది కావచ్చు, జాతీయ రహదారుల సంస్థది కావచ్చు. మాస్టర్ ప్లాన్ విషయంలో పట్టణాభివృద్ధి సంస్థ పాత్ర కూడా ఉంటుంది. నెల్లూరుకు అటువంటి సంస్థ 2017లో, ఒంగోలుకు 2019లో ఏర్పడ్డాయి. కాలువల సంగతి ఇంకా చిక్కు. నెల్లూరు పట్టణంలో సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ వంటివి పెన్నా ఆయకట్టుకు నీరందించేందుకు తవ్వినవి. వాటి కింద ఒకప్పుడు వరి పండిన భూములలో చాలా భాగం ఇప్పుడు కాలనీలు. ఒంగోలులో పోతురాజు కాలువ చుట్టూ ఊరు ఎలా పెరిగిందో మీరే చూస్తున్నారు. పేరుకు పంట కాలువగా, వాడకంలో మురుగు కాలువగా ఉన్నచోట జలవనరుల శాఖ ఇంజనీరు, పురపాలక ఇంజనీరు ఒకరినొకరు చూపించుకోవడం మామూలే. కాబట్టి అర్జీ ఇద్దరికీ ఇచ్చి, ఉమ్మడిగా వచ్చి చూడమని కోరడమే మంచిది.

మీ 60 అడుగుల రోడ్డు సంగతి నోటిమాట మీద వదిలేయకండి. మీ ఇంటి సర్వే నంబరు దస్తావేజులో ఉంటుంది. దాన్ని తీసుకుని పట్టణ ప్రణాళికా విభాగానికి వెళ్లి, అమలులో ఉన్న మాస్టర్ ప్లాన్‌లో ఆ నంబరు మీదుగా ప్రతిపాదిత రోడ్డు పోతున్నదా, పోతే ఎంత వెడల్పు అని రాతపూర్వకంగా అడగండి. ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ప్లాన్ ఇప్పటికే ఆమోదం పొంది ఉంటే, ఆ రోడ్డు మీద మనం చేయగలిగింది తక్కువ. దాన్ని మార్చాలంటే ప్రభుత్వ స్థాయిలో సవరణ జరగాలి. ముసాయిదా దశలో ఉంటే మాత్రం అభ్యంతరాలు, సూచనలు స్వీకరించడం చట్టం ప్రకారం తప్పనిసరి. గడువు ఆ ప్రకటనలోనే ఉంటుంది. ఒక స్థలం వినియోగాన్ని మార్చే ముసాయిదా సవరణలకైతే సాధారణంగా 15 రోజులు ఇస్తారు. ఈ ప్రకటనలు రాజపత్రంలోనూ, పత్రికల్లో ఎవరూ చదవని చిన్న అక్షరాల మూలల్లోనూ వస్తాయి. మా సంఘంలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు ఉదయం కాఫీతోపాటు జిల్లా అనుబంధంలోని టెండర్లు, ప్రకటనలు మాత్రమే చదివేవారు. ఆయనను చూసి నవ్వినవాళ్లే తరువాత ఫోన్ చేసి, ఈ రోజు మన సర్వే నంబరు ఏమైనా వచ్చిందా సార్ అని అడగడం మొదలుపెట్టారు. ప్రతి కాలనీకి అటువంటి మనిషి ఒకరుండాలి.

ఇక కాలువ మళ్లింపు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సరిగ్గా ఇదే మాకూ ఎదురైంది. మా కాలనీ ఒకప్పుడు చెరువు కింది మాగాణి. ప్లాట్లు వేసినప్పుడు పొలాల మధ్యనున్న పిల్ల కాలువను పూడ్చి దానిమీదే రోడ్డు వేశారు. ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నప్పుడల్లా నీరు తన పాత దారి వెతుక్కుంటూ మా గడపల్లోకి వచ్చేది. అటువంటి సమయంలో పై వీధుల మురుగు, వాన నీరు మా ప్రధాన వీధి గుండా కొత్త సిమెంటు కాలువలో తెచ్చి, చివర ఒక పంట కాలువలో కలపాలని అంచనా తయారైంది. మా సమావేశంలో మొదట వచ్చిన మాట, వాళ్ల మురుగు మా వీధిలోకి ఎందుకు అన్నదే. ఆ వాదన ఏ ఇంజనీరు ముందూ నిలవదు. నీరు పల్లానికే పోవాలి, పల్లంలో ఉన్నది మనమే అయితే అది మన వీధి మీదుగానే పోవాలి.

అందుకని సమాచార హక్కు చట్టం కింద ఆ పని అంచనా ప్రతి, కాలువ పొడవునా మట్టాలు చూపే నిలువుకోత పటం కోరాం. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించిన దరఖాస్తుకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలని 2005 నాటి ఆ చట్టం చెబుతుంది. పటంలో కొత్త కాలువ అడుగుమట్టం ఎంత, అది కలిసేచోట పంట కాలువ పూర్తి నీటిమట్టం ఎంత అన్నవి రెండు అంకెలు. వాటిని మాకు చదివి చెప్పింది ఏ పెద్ద చదువులు చదివినవారో కాదు, ఆ పంట కాలువ మీద లస్కరుగా, అంటే తూములు, నీటి పారుదల చూసుకునే మనిషిగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. కాలువ నిండుగా పారే రోజుల్లో నీరు ఎక్కడి వరకు వస్తుందో తూము గోడ మీద పాచి గీత చూపించారు. కొత్త కాలువ నోరు ఆ గీతకంటే కిందనుంది. అంటే వరి సాగు కాలంలో, పైగా తుపాను వానలు పడే నెలల్లో, మురుగు పంట కాలువలోకి పోవడం మాట అటుంచి పంట కాలువ నీరే వెనక్కి తన్ని మా వీధిలోకి వస్తుంది.

ఆ తరువాత రాసిన అర్జీలో కోపం ఒక్క వాక్యం కూడా లేదు. సర్వే నంబర్లు, రెండు మట్టాల అంకెలు, గత నవంబరులో తేదీతో సహా తీసిన ఫొటోలు, తూర్పు వైపు వాగు పోరంబోకు మీదుగా నీటిని తీసుకుపోయే ప్రత్యామ్నాయం, ఇంటి నంబర్లతో కూడిన సంతకాలు పెట్టాం. రెండు శాఖల ఇంజనీర్లు కలిసి వచ్చి చూడాలన్నదే మా కోరిక. వాళ్లు వచ్చారు, మట్టాలు మళ్లీ కొలిచారు, కాలువ కింది భాగం దారి మారింది. ఇక్కడ దాచకూడని సంగతి ఒకటుంది. దారి మారినందువల్ల సవరించిన అంచనాకు మళ్లీ ఆమోదం కావలసి వచ్చి, పని మరుసటి వానాకాలం దాటిపోయింది. ఆ ఏడాది పై వీధులవారు మోకాలి లోతు నీళ్లలో నిలబడి మమ్మల్ని తిట్టుకున్నారు. వాళ్ల కోపంలో న్యాయం లేదని నేను అనను. అర్జీ పెట్టే ముందే వాళ్లతోనూ కూర్చుని ఉమ్మడి సంతకాలు తీసుకుంటే ఊరికి మేలు, మీకు బలం. ఒక వీధి అర్జీని పక్క వీధి అర్జీతో కొట్టేయడం అధికారులకు చాలా తేలిక.

పాలకమండలి సంగతి. ఎన్నికైన మండలి ఉన్న రోజుల్లో సమావేశ అజెండా ముందుగా సభ్యులకు అందుతుంది. మీ డివిజన్ కార్పొరేటరును అడిగి ఆ ప్రతి తీసుకుని, మీ ప్రాంతం పనులు ఉన్నాయేమో చూడండి. టేబుల్ అజెండా అని సమావేశం రోజున చేర్చే అంశాలు కూడా ఉంటాయి. అవి ముందుగా మీ కంట పడవు. కాబట్టి సమావేశం మరునాడే తీర్మానాలు ఏమయ్యాయో కనుక్కోవడం అలవాటు చేసుకోవాలి. మండలి గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన నడిచే రోజుల్లో కార్పొరేటరు ఉండరు, చర్చ ఉండదు. అప్పుడు కమిషనరుకు, ప్రత్యేకాధికారికి నేరుగా రాయడమే దారి. వార్డు కమిటీల సంగతి కూడా అడగవచ్చునని కొందరు మీకు చెబుతారు. 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వాటిని తప్పనిసరి చేసింది. 2011 లెక్కల ప్రకారం నెల్లూరు ఆ పరిధిలోకి వస్తుంది, ఒంగోలు రాదు. మీ విషయంలో రిజిస్టరైన కాలనీ సంఘమే ఎక్కువ పనికొస్తుంది.

సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లమని చాలామంది సలహా ఇస్తారు. వీధి దీపం, పూడిక, కుళాయి వంటి వాటికి అది మంచిదే. ప్రణాళిక మీద అభ్యంతరానికి మాత్రం ప్రకటనలో పేర్కొన్న కార్యాలయంలోనే, గడువులోపల, రసీదుతో ఇవ్వాలి. వేదికలో ఇచ్చిన అర్జీ తిరిగి తిరిగి అదే విభాగానికి చేరేసరికి గడువు దాటవచ్చు.

రోడ్డు వెడల్పు మీద ఒక్కమాట. పోయే స్థలానికి పరిహారం, టీడీఆర్ బాండు (స్థలానికి బదులుగా అదనపు నిర్మాణ హక్కు ఇచ్చే పత్రం), నిర్మాణ నిబంధనల్లో సడలింపు వంటి మార్గాలున్నాయి. వెడల్పు అసలు వద్దనే వాదన కంటే, రెండు వైపులా సమానంగా తీసుకుంటున్నారా, మధ్య గీత ఎక్కడ పెట్టారు అన్న ప్రశ్న ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం. మధ్య గీత కొన్ని అడుగులు జరిగితే ఒక వరుస ఇళ్లు మిగులుతాయి, ఎదుటి వరుస పోతాయి. ఆ గీత ఏ ఆధారంతో గీశారో అడిగే హక్కు మీకుంది.

మీరు ఈ వారంలో చేయదగినవి ఇవి. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి సర్వే నంబరుతో రోడ్డు సంగతి అడగండి. అదే సచివాలయంలోని ఎమినిటీస్ (సదుపాయాల) కార్యదర్శి ద్వారా కాలువ పనికి అంచనా మంజూరైందా, టెండరు పిలిచారా తెలుసుకోండి. టెండరు పిలవకపోతే మీకు ఇంకా సమయముంది. పిలిచి ఉంటే, పని ఆపమని కాకుండా కాలువ చివర ఎక్కడ కలుస్తుందో, ఆ చోట మట్టం ఎంతో మాత్రం అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఆ పటం మీ చేతికి వచ్చాక ఇక్కడ రాస్తే, చూసి చెప్పగలిగినంత చెబుతాను.