రేడియో అయోడిన్ తీసుకున్న అమ్మ దగ్గరికి పాపను ఎప్పటి నుంచి పంపొచ్చు?

మీ అమ్మగారికి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది, చెన్నైలో రేడియో అయోడిన్ ఇస్తామన్నారు, సింగరాయకొండలో మీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, ఆ రేడియేషన్ పాపకు తగులుతుందా అని అడిగారు. మాది కావలి. నాకూ ఇదే జబ్బు, ఇదే మందు.

కొన్నాళ్లు పాపను దూరంగా ఉంచాల్సిందే. ఆ తర్వాత అక్కర్లేదు. ఎందుకో తెలిస్తే టెన్షన్ సగం పోతుంది.

రక్తంలోకి వచ్చిన అయోడిన్‌ను థైరాయిడ్ కణాలు లాక్కుంటాయి. ఆపరేషన్ తర్వాత మిగిలిన కణాలదీ అదే గుణం. రేడియో అయోడిన్, అంటే అయోడిన్-131, మింగితే అది వాటిలోకి చేరి బీటా కిరణాలతో వాటిని చంపుతుంది. ఆ కిరణాలు సుమారు రెండు మిల్లీమీటర్లకు మించి పోవు కాబట్టి పక్కనున్న భాగాలకు పెద్దగా దెబ్బ తగలదు. థైరాయిడ్ రోగికి రేడియోధార్మిక అయోడిన్ చికిత్సగా మొదటిసారి ఇచ్చింది 1941లో, బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు. అంటే ఇది కొత్త ప్రయోగం కాదు. బీటాతో పాటు వచ్చే గామా కిరణాలు మాత్రం ఒంట్లోంచి బయటికొస్తాయి. తర్వాత తీసే స్కాన్‌లో బొమ్మ పడేది వాటివల్లే, పాపను దూరం పెట్టమనేదీ వాటివల్లే.

అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. కానీ ఒంట్లో అంతకాలం ఉండదు, చాలా భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. అందుకే ఆసుపత్రిలో విడిగా గది ఇస్తారు, నీళ్లు బాగా తాగమంటారు, బాత్రూమ్‌లో రెండుసార్లు ఫ్లష్ చేయమంటారు. ఒంట్లోంచి రేడియేషన్ ఎంత వస్తోందో మీటరు పెట్టి చూశాకే ఇంటికి పంపుతారు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు విడిగా పడుకోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. మేం రైల్లో రాకుండా కారు మాట్లాడుకున్నాం, నేను వెనక సీట్లో డ్రైవరుకు దూరంగా ఓ మూలన కూర్చున్నాను. మా పాపను ముందే అల్లూరులో అమ్మ దగ్గర వదిలాం.

నిజానికి కష్టమంతా మందుకు ముందే. థైరాయిడ్ మాత్రలు కొన్ని వారాలు ఆపారు, థైరాయిడ్ కణాలు అయోడిన్‌ను బాగా లాక్కునేలా చేసే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ బాగా పెరగాలి కదా. ముఖం ఉబ్బింది, మెట్లెక్కితే ఆయాసం, ఎంతసేపు పడుకున్నా మత్తు. అమ్మగారు ఆ రోజుల్లో చిరాకుపడితే ఏమీ అనుకోకండి. దానికి తోడు అయోడిన్ లేని తిండి తినాలి. సముద్రం చేపలు, రొయ్యలు, పాలు, పెరుగు, గుడ్డులో పచ్చసొన అన్నీ బంద్. చేపల పులుసు మానడం కంటే పెరుగన్నం మానడమే నాకు కష్టమైంది. ఉప్పు దగ్గర జాగ్రత్త, ఇప్పుడు కల్లుప్పు ప్యాకెట్ల మీద కూడా అయోడైజ్డ్ అని ఉంటోంది, చదివి కొనండి. ఈమధ్య అమ్మగారికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో సీటీ స్కాన్ తీసుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అందులో అయోడిన్ ఎక్కువ, మందు సరిగా పట్టదు.

ఇంకొకటి. మా బంధువుల్లో ఒకావిడ నెలలు గడిచినా నా కంచం, గ్లాసు వేరే పెట్టింది. అది చాలా బాధపెట్టింది. ఒంట్లో మందు పోయాక కూడా మనిషిని వెలివేసినట్టు చూడటానికి ఏ డాక్టరూ చెప్పలేదు. అమ్మగారికి ఆ పరిస్థితి రానివ్వకండి, ఇంట్లో అందరికీ ముందే వివరంగా చెప్పండి. కరెంటు, అంటే బయటి నుంచి మిషన్‌తో ఇచ్చే రేడియేషన్, పెట్టించుకున్నవాళ్లతో దీన్ని పోల్చేవాళ్లూ ఉంటారు. అక్కడ మిషన్ ఆపగానే ఒంట్లో ఏమీ మిగలదు, ఆ రోజే పిల్లల్ని ఎత్తుకోవచ్చు. ఇక్కడ మందు లోపలే ఉంటుంది కాబట్టి ఆ కొద్ది రోజుల జాగ్రత్త.

డిశ్చార్జి రోజున పాపను ఎన్ని రోజులు దూరం పెట్టాలో కాగితం మీద రాయించుకోండి. డోసును బట్టి అది మారుతుంది. ఇంట్లో గర్భిణులుంటే వాళ్ల గురించి విడిగా అడగండి.