చూస్తూ నిలబడకు చిన్నా

చిన్నా,

హాస్టల్లో చేరుతున్నావు. తిండి, చదువు గురించి మీ అమ్మ చెబుతుంది. ఇన్నేళ్లు వార్డెన్‌గా చేసిన ఈ పెద్దమ్మ చెప్పేది ఒక్కటే: ఎక్కడైనా తేడాగా అనిపిస్తే, అది నేరమయ్యేదాకా ఆగకు.

ఒకసారి ఫేర్‌వెల్ పార్టీలో ఒకమ్మాయి మత్తులో గోడకానుకుని ఉంది. సీనియర్ ఒకడు "పద, రూమ్‌లో దింపుతా" అని మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె లాక్కుంది. మళ్లీ పట్టుకున్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. "ముందే పరిచయమేమో అనుకున్నాం మేడమ్" అన్నారు తర్వాత. ఫస్టియర్ పిల్ల ఒకతి మాత్రం మధ్యలో దూరి, "అక్కా, నీ ఫోన్ నా దగ్గరుండిపోయింది, రా ఇస్తా" అని ఆమెను రూమ్మేట్ల దగ్గరికి తీసుకుపోయింది. ఫోనూ లేదు, గీనూ లేదు.

ఆ పదిమందీ చెడ్డవాళ్లు కారు. 1968లో లాటనే, డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు గదిలోకి పొగ వదిలి చూశారు. ఒంటరిగా కూర్చున్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. ముగ్గురేసి కూర్చున్నప్పుడు 38 శాతం సార్లే ఎవరో ఒకరు చెప్పారు. పక్కవాడు కదల్లేదంటే ఏమీ లేదులే అనుకుంటాం. ముందు నువ్వు కదులు.

కొట్లాటకు దిగొద్దు. టైమెంతయిందని అడుగు, మాట మళ్లించు, ఇంకొకరిని వెంటబెట్టుకో, సెక్యూరిటీని పిలువు. ఎవరైనా వీడియో తీస్తే గ్రూపుల్లోకి పోనివ్వకు. తర్వాత ఆమెనే అడుగు, ఏం చెయ్యమంటావని. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

అసలు కష్టం, ఆ చెయ్యి పట్టుకున్నవాడు నీ స్నేహితుడే అయినప్పుడు. అప్పుడూ పక్కకి లాగాల్సింది నువ్వే. నీ మాటైతే వింటాడు.

ఇంకోటి. మౌనం అర్ధాంగీకారం అనే సామెత ఇక్కడ పనికిరాదు. మత్తులో, నిద్రలో, భయంలో ఉన్న మనిషి ఒప్పుకోవడమన్నది ఉండదు. ఇది తెలియకపోతే కళ్లముందు జరిగేదేమిటో కూడా తెలియదు. లైంగిక విద్య అంటే సిగ్గుపడకుండా చదువు, నీ చెల్లికీ చెప్పించు. 18 ఏళ్లలోపే 'వద్దు' అని చెప్పడం నేర్పించిన విద్యార్థులపై కాలేజీలో లైంగిక దాడులు తక్కువగా జరిగాయని 2018లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రాశారు. అలాగని నేర్చుకోని పిల్లదే తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోకు. తప్పు చేసినవాడిది.

మొదటి వారంలోనే రూమ్మేట్లతో ఈ మాటలు మాట్లాడు. ఆ రాత్రి ఫోన్ చెయ్యి, ఏమన్నారో వింటాను.

పెద్దమ్మ