జెంగర్ కేసు వెనక ఉన్న లాయర్ జేమ్స్ అలెగ్జాండర్ గురించి

అమెరికా తొలి రోజుల్లో లాయరుగా, రాజకీయ నాయకుడిగా ఉంటూ పత్రికను వెనకుండి నడిపినవాళ్ళలో ఎవరి గురించి చదవాలి అని అడిగారు. నేనైతే జేమ్స్ అలెగ్జాండర్ అంటాను, దానికి మా ఇంటి కారణం ఒకటుంది.

మా నాన్నకి చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. ఒక పక్షపత్రికలో వచ్చిన వార్త మీద పరువు నష్టం కేసు పడింది. రాసినాయన పేరు ఎక్కడా లేదు, డబ్బు పెట్టినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు, చివరి పేజీలో అడుగున ప్రింటరుగా అచ్చయిన పేరు మాత్రం నాన్నది. మూడేళ్ళు వాయిదాలకు తిరిగారు.

అలెగ్జాండర్ 1691లో స్కాట్లాండ్‌లో పుట్టి, 1715లో అమెరికా వచ్చి, అప్పట్లో బ్రిటిష్ వలసలైన న్యూయార్క్, న్యూజెర్సీ రెండు చోట్లా గవర్నర్ కౌన్సిల్ సభ్యుడయ్యాడు. 1732లో వచ్చిన గవర్నర్ విలియం కాస్బీ, తనకంటే ముందు తాత్కాలికంగా ఆ పని చూసిన వాన్ డామ్ జీతంలో సగం తనకివ్వాలని కోర్టుకెక్కాడు, అడ్డం తిరిగిన చీఫ్ జస్టిస్ లూయిస్ మోరిస్‌ని పీకేశాడు. దాంతో అలెగ్జాండర్, మోరిస్ వర్గం 1733 నవంబరులో న్యూయార్క్ వీక్లీ జర్నల్ పెట్టింది. ఎడిటర్ పనంతా అలెగ్జాండర్‌దే, కానీ పేరు మాత్రం ప్రింటర్ జాన్ పీటర్ జెంగర్‌ది.

పత్రిక గవర్నర్‌ని విమర్శిస్తూ రాసేది. అలాంటి రాతలు అచ్చువేసిన నేరానికి 1734 నవంబరులో అరెస్టయింది కూడా జెంగరే. బెయిల్ 400 పౌండ్లు, దానికి తోడు పూచీకత్తులు. పనిముట్లు, బట్టలు తీసేస్తే తన ఆస్తి 40 పౌండ్లు కూడా చెయ్యదన్నాడాయన. దాదాపు తొమ్మిది నెలలు లోపలే ఉన్నాడు. అంత డబ్బున్న పెద్దమనుషులు బెయిల్ ఎందుకు కట్టలేదన్నది నాకిప్పటికీ మింగుడుపడదు.

అయినా అలెగ్జాండర్ చేతులు దులుపుకోలేదు. జడ్జిల నియామకమే చెల్లదని వాదించాడు, దానికి 1735 ఏప్రిల్‌లో అతన్నీ, తోటి లాయర్ విలియం స్మిత్‌నీ ప్రాక్టీసు నుంచి తీసేశారు. అప్పుడు ఫిలడెల్ఫియా నుంచి ఆండ్రూ హామిల్టన్ అనే లాయరుని రప్పించారు. అచ్చువేసింది నిజమైతే అది నేరమెలా అవుతుందని హామిల్టన్ అడిగాడు. అప్పటి చట్టం ఆ వాదనను ఒప్పుకోదు, జ్యూరీ చూడాల్సింది అచ్చువేశాడా లేదా అన్నదే. అయినా ఆగస్టు 4న జ్యూరీ నిర్దోషి అంది. పేరు హామిల్టన్‌కొచ్చింది కానీ, ఆ వాదనకు ముందే నోట్సు తయారుచేసి పెట్టింది అలెగ్జాండర్. విచారణ కథనాన్ని 1736లో జెంగర్ ప్రెస్సులోనే అచ్చువేయించిందీ ఆయనే. 1737లో మళ్ళీ ప్రాక్టీసుకి రానిచ్చారు.

ఇదంతా చెబితే నాన్న అడిగింది ఒక్కటే, ఆ తొమ్మిది నెలలు ప్రెస్ ఎవరు చూసుకున్నారని. జెంగర్ భార్య ఆన్నా. జైలు తలుపు కన్నంలోంచి భర్త చెప్పింది విని వచ్చి, అరెస్టయిన వారం తప్ప ప్రతి వారం పత్రిక తెచ్చింది.