నెగటివ్ అయాన్లు మెదడులో సెరటోనిన్ పెంచుతాయా? చిట్టెలుకలతో నేను చూసింది

గాలిలోకి నెగటివ్ అయాన్లను (విద్యుత్ చార్జ్ ఉన్న కణాలను) వదిలే అయనైజర్ మెషీన్ పెట్టుకుంటే, మనసు స్థితితో సంబంధం ఉన్న సెరటోనిన్ అనే మెదడు రసాయనం పెరుగుతుందని, అది జంతువుల్లో రుజువైందని చెబుతున్నారు, నిజమేనా అని అడిగారు. ఎంఫార్మసీ ప్రాజెక్టులో కొన్ని నెలలు ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను.

అసలు పరిశోధన చెప్పింది దీనికి పూర్తిగా తలకిందులు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆల్బర్ట్ క్రూగర్, స్మిత్‌తో కలిసి 1960లో ఒక వాదన ముందుకు తెచ్చారు. పాజిటివ్ అయాన్లు సెరటోనిన్‌ను విడుదల చేయిస్తాయి, నెగటివ్ అయాన్లు దాన్ని త్వరగా విరిగిపోయేలా చేస్తాయి అని. అంటే నెగటివ్ అయాన్లతో అది తగ్గాలి! అదీ శ్వాసనాళం మీద చేసిన పని. చిట్టెలుకల మెదడులో కొలిచిన ఫలితాలు 1969లో కొటాకాతో కలిసి రాశారు.

మా చిట్టెలుకల మొదటి బ్యాచ్‌లో సెరటోనిన్‌లో తేడా కనిపించింది. ఎంత సంబరపడ్డామో! తర్వాత చూస్తే పెట్టెలోంచి ఘాటైన వాసన వస్తోంది. అయాన్లను పుట్టించే సూది మొన దగ్గర హై వోల్టేజీకి ఓజోన్ అనే వాయువు కూడా పుడుతుంది, అది ఊపిరితిత్తులను మండిస్తుంది. పైగా మావి ప్లాస్టిక్ బోనులు. చిట్టెలుకల బొచ్చుకు చార్జ్ పట్టి, నీళ్ల సీసా స్టీలు గొట్టానికి మూతి తగలగానే ఉలిక్కిపడి వెనక్కి దూకేవి. దాహం వేసినా దగ్గరకు వెళ్లడానికి జంకేవి. అంత టెన్షన్‌లో ఉన్న జంతువు మెదడులో సెరటోనిన్ మారితే అది అయాన్ల పనా, భయం పనా? బోనులను ఎర్త్ చేసి, గాలి బయటికి పోయేలా పెట్టి మళ్లీ చేస్తే ఆ తేడా నిలవలేదు. మొదటి బ్యాచ్ లెక్కలు పక్కన పెట్టేశాం. ఆ ప్రాణాలు ఊరికే పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మాది చిన్న ప్రాజెక్టు, దాన్ని రుజువుగా తీసుకోవద్దు. కానీ 1987లో బెయిలీ, చారీ పెద్ద ఎలుకల మెదడులో భాగాల వారీగా సెరటోనిన్ కొలిచినప్పుడు కూడా అయాన్ల ప్రభావం కనిపించలేదు.

ఇక మీదట ఎవరైనా జంతు ప్రయోగం చూపిస్తే, బోనును ఎర్త్ చేశారా, ఓజోన్ కొలిచారా అన్న రెండూ అడగండి. డిప్రెషన్‌కు మందులు వాడుతుంటే మాత్రం, ఈ మెషీన్‌ను నమ్ముకుని దయచేసి వాటిని ఆపకండి.