తెర మీద ముద్దాయి: జూనియర్‌కు ఒక ఉత్తరం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ సెషన్స్ కేసులో ముద్దాయిని జైలు నుంచి వీసీలోనే (వీడియో కాన్ఫరెన్స్) హాజరుపరుస్తారట, ఒప్పుకోవాలా అని అడిగావు. ఆ రోజు కోర్టులో జరిగే పనేమిటో చూసి తేల్చుకో.

జ్యుడీషియల్ రిమాండ్ (కోర్టు ఆదేశంతో జైల్లో ఉంచడం) పొడిగింపుకైతే వీసీ చాలు. పోలీసు కస్టడీ అడిగినప్పుడు మాత్రం బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 187(4) ప్రకారం మొదటిసారీ, కస్టడీ సాగినంతకాలం ప్రతిసారీ మనిషిని మేజిస్ట్రేటు ముందుకు తేవాల్సిందే. చార్జి వినిపించడం తెర మీద కుదురుతుంది (సెక్షన్ 251). కానీ ‘అర్థమైందా’ అంటే జైలు గదిలో ఎవరైనా తలూపుతారు. ఏం అర్థమైందో అతని మాటల్లో చెప్పించమని జడ్జిగారిని కోరు.

అసలు చిక్కు సాక్ష్యం రోజున. సాక్షి ముద్దాయిని గుర్తుపట్టాల్సి ఉంటే నేరుగా హాజరుపరచమని ముందే మెమో (కోర్టుకిచ్చే చిన్న రాత వినతి) వెయ్యి, కారణం రాయి: తెరలో కనిపించేది ఒక్కడే, పక్కన యూనిఫాంలో గార్డు, ఇక గుర్తుపట్టడానికేముంది? మెమో కొట్టేస్తే, సాక్షి నోరు తెరవకముందే తెరలో ఎంతమంది ఉన్నారో, ముఖం ఎంత స్పష్టంగా ఉందో రికార్డు చేయించు. పీపీగారు (పబ్లిక్ ప్రాసిక్యూటర్) సాక్ష్యం వీసీలో తీసుకోవచ్చన్న 2003 నాటి సుప్రీంకోర్టు ప్రఫుల్ దేశాయ్ తీర్పు చూపిస్తారు. అందులో తెర మీద ఉన్నది అమెరికాలోని సాక్షి, ముద్దాయి కాదు. ఆ తేడా చెప్పు.

వీసీలో పోయేది గుసగుస. బోనులో ఉంటే దగ్గరికెళ్లి చెవిలో అడగొచ్చు; ఇక్కడ నువ్వేమన్నా కోర్టంతా వింటుంది. అందుకే రెండు రోజుల ముందే ములాఖత్‌కు వెళ్లి సాక్షుల స్టేట్‌మెంట్ల కాపీలు ఇవ్వు. కాగితం, పెన్సిలు అతని దగ్గర ఉండేలా సూపరింటెండెంటుగారిని అడుగు. చీఫ్ (సాక్షిని పీపీ అడిగే ప్రశ్నలు) అయ్యాక, క్రాస్ (నువ్వు అడిగే ఎదురు ప్రశ్నలు) మొదలెట్టే ముందు, పది నిమిషాలు అతనితో విడిగా మాట్లాడే అవకాశం అడుగు. గార్డు గది బయట నిలబడాలి, కోర్టు హాల్లో స్పీకరు ఆపెయ్యాలి. ఇవ్వకపోతే అడిగినట్టు, ఇవ్వనట్టు డాకెట్‌లో (ఆ రోజు కోర్టులో జరిగింది రాసే చోట) రాయించు.

బొమ్మ పోతే అందరికీ తెలుస్తుంది. మాట పోయి బొమ్మ మిగిలితే ఎవరికీ తెలియదు, మనిషి కూర్చునే ఉంటాడు కదా! వినబడకపోతే చెయ్యెత్తమని ముందే చెప్పు, నువ్వు తెర మీద ఒక కన్నేసి ఉంచు. చెయ్యి లేవగానే ఆపించి, టైము రాయించి, పోయిన ప్రశ్నా జవాబూ మళ్లీ చదివించు. ఆ రోజు నోరు మెదపకపోతే అప్పీల్లో ‘అప్పుడెందుకు చెప్పలేదు?’ అంటారు.

ముద్దాయి వాంగ్మూలం (సెక్షన్ 351) వీసీలో తీసుకుంటే 72 గంటల్లో అతని సంతకం తీసుకోవాలని 316(4) చెబుతోంది. ఆ కాగితం జైలుకు వెళ్లేలోపు కాపీ తెచ్చుకుని నీ నోట్సుతో సరిచూడు. తను అన్నది ఒకటి, టైపైనది మరొకటి కావచ్చు, చదవకుండా సంతకం పెట్టొద్దని ములాఖత్‌లోనే చెప్పి ఉంచు.

బెయిలు మీద ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఫోనులో కలుస్తామంటారు. సాక్ష్యం వేళ వీసీ హాజరుకు సెక్షన్ 308 చెప్పేది ప్రభుత్వం నోటిఫై చేసిన చోటు. అదెక్కడో కోర్టు ఆఫీసులో ముందే కనుక్కో.