కోతుల్ని ఎక్కడ వదిలేశావు?

అమ్మాయీ,

గ్రెగరీ బేట్సన్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. నాలుగో పేజీలో ఒక బ్రాకెట్ పెట్టావు చూడు. చిన్నప్పుడు నువ్వూ మీ తమ్ముడూ ఉత్తుత్తి ఫైటింగ్ చేసుకునేవాళ్లమని, ఏ దెబ్బ దగ్గర అది నిజం ఫైటింగ్ అయిపోయిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసిపోయేదని, నువ్వు చెయ్యి వెనక్కి తీసుకునేలోపే వాడి మొహం మారిపోయేదని రాశావు. దాని పక్కనే ఇంకో బ్రాకెట్, "అనవసరం అనిపిస్తే తీసేయండి సార్" అని. ఆ రెండో బ్రాకెట్ చూశాక నాకు ఒళ్లు మండింది. అందుకే ఈ ఉత్తరం. లేకపోతే "బాగుంది, ఇంకా చదువుతూ ఉండు" అని రెండు ముక్కలు రాసి ఊరుకునేవాణ్ణి.

ఆ బ్రాకెట్‌కి ముందు మూడు పేజీల్లో ఏముందో నువ్వే ఒకసారి బయటికి చదువుకో. "గ్రెగరీ బేట్సన్ 1904 మే 9న ఇంగ్లండ్‌లోని గ్రాంట్‌చెస్టర్‌లో జన్మించారు. ఆయన మానవశాస్త్రవేత్త, సామాజికశాస్త్రవేత్త, సైబర్నెటిక్స్ నిపుణుడు, కమ్యూనికేషన్ సిద్ధాంతకర్త, బహుముఖ ప్రజ్ఞాశాలి." సన్మానసభలో శాలువా కప్పేముందు చదివే పత్రంలా ఉంది. ఆయనకి గ్రెగరీ అన్న పేరు ఎందుకొచ్చిందో మాత్రం రాయలేదు. వాళ్ల నాన్న విలియం బేట్సన్ జెనెటిక్స్ అన్న మాటని పుట్టించినాయన, బఠాణీ మొక్కల మెండెల్‌ని ఇంగ్లండ్‌కి చాటినవాడు, మూడో కొడుక్కి గ్రెగర్ మెండెల్ పేరు పెట్టుకున్నాడు. ఆ ఒక్క సంగతి చెబితే ఆ ఇల్లు ఎలాంటిదో పాఠకుడే ఊహించుకుంటాడు. బిరుదులు ఎన్ని చెప్పినా ఊహించుకోలేడు.

నాకో పట్టుదల ఉంది, చాదస్తం అనుకున్నా సరే. ఆలోచనలు చేసిన మనిషి గురించి రాసేటప్పుడు ముందు ఆయన ఏం చూశాడో రాయాలి. ఏమన్నాడన్నది తరవాత. నువ్వేమో "జంతువులకు కూడా మెటాకమ్యూనికేషన్ సామర్థ్యం ఉందని బేట్సన్ ప్రతిపాదించారు" అని ఒక వాక్యంతో తేల్చేశావు. ఎక్కడ ప్రతిపాదించాడు? ఏం చూసి? నువ్వు చదివిన ఆయన వ్యాసంలోనే ఉంది కదా ఆ సంగతి, దాన్ని దాటుకుంటూ ఎలా వెళ్లిపోయావు?

1952 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్లైష్‌హ్యాకర్ జూకి వెళ్లాడు. జంతువులు పంపుకునే సైగలు సైగలేనని వాటికి తెలుసా లేదా అన్న ప్రశ్న బుర్రలో పెట్టుకుని వెళ్లాడు. అక్కడ రెండు కోతి పిల్లలు ఆడుకుంటున్నాయి. అంతే, వింతేం లేదు. ఒకటి మీదకి దూకుతోంది, ఇంకోటి కొరుకుతోంది, చేసేవన్నీ కొట్లాటలో చేసే పనులే, కానీ ఇది కొట్లాట కాదని చూసే మనిషికి తెలుస్తోంది, ఆ కోతులకీ తెలుస్తోంది. మరి వాటికెలా తెలుస్తోంది? "ఇది ఆట" అనే కబురు ఏదో వాటి మధ్య నడుస్తూ ఉండాలి. ఆ కబురు కొరకడం గురించి కాదు, ఈ కొరకడాన్ని ఎలా తీసుకోవాలో చెప్పేది. మెటాకమ్యూనికేషన్ అంటే అదే. ఆటలో కొరకడం నిజంగా కొరకడాన్ని గుర్తు చేస్తుంది, కానీ నిజంగా కొరికితే దానికి ఏ అర్థం ఉండేదో ఆ అర్థం దీనికి లేదు. ఈ మెలిక చూశావా, ఇక్కడే ఆగాలి నువ్వు. 1955లో అచ్చయిన ఆ వ్యాసమంతా ఈ మెలిక చుట్టూనే తిరుగుతుంది.

ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. అండమాన్ దీవుల్లో రెండు పక్షాలు రాజీ పడేటప్పుడు ఒకరినొకరు కొట్టుకోవడానికి ఒక తంతు ఉంటుందని మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ రాసిన సంగతి ఎత్తుకుని, ఆ తంతు దెబ్బని నిజం దెబ్బగా పొరబడే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుందని, అలా పొరబడితే సంధి కాస్తా యుద్ధమవుతుందని అన్నాడు. ఇప్పుడు మీ తమ్ముడి మొహం గుర్తు చేసుకో. నువ్వు బ్రాకెట్లో దాచింది అచ్చంగా ఇదే. జూ ఎదురుగా పెట్టుకుని, అండమాన్ ఎదురుగా పెట్టుకుని, ఇంట్లో స్వయంగా దెబ్బలు తిని కూడా "మెటాకమ్యూనికేషన్ సామర్థ్యం" అని రాసే అమ్మాయిని ఏమనాలి?

తప్పు నీ ఒక్కదానిదే కాదులే. మనకి ఇలా రాయడం నేర్పినవాళ్లు ఉన్నారు. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో బేట్సన్, ఇంకో మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ కలిసి బాలి ద్వీపంలో చేసిన పని గురించి ఒక వారపత్రికకి వ్యాసం ఇచ్చాను. 1936లో పెళ్లి చేసుకుని నేరుగా బాలికి వెళ్లారు, ఆయన ఫొటోలు తియ్యడం, ఆవిడ పక్కన కూచుని నోట్సు రాయడం. పాతికవేల ఫొటోలు తీశాడు, అందులోంచి 759 ఏరి 1942లో పుస్తకం వేశారు. అందులో నన్ను పట్టుకున్నది ఒకటే. బాలి తల్లి బిడ్డని ఆటపట్టిస్తుంది, ముద్దు చేస్తుంది, బిడ్డ ఉత్సాహం పట్టలేక చేతులు చాచి మెడ పట్టుకునే వేళకి ఆవిడ ధ్యాస ఎటో వెళ్లిపోతుంది. బిడ్డ మారాం మొదలుపెడుతుంది, తల్లి ఏదో వేడుక చూస్తున్నట్టు చూస్తుంది. ఇలా ఒకటి తరవాత ఒకటి వరస ఫొటోలు. బేట్సన్ అంతకుముందు న్యూగినీలో సెపిక్ నది ఒడ్డున ఇయాట్ముల్ జనం దగ్గర ఉండి వచ్చాడు, అక్కడ ఒకడు గొప్పలు చెబితే ఇంకొకడు రెండింతలు చెబుతాడు, అది పెరిగి పెరిగి తెగేదాకా పోతుంది. దానికి స్కిస్మోజెనెసిస్ అని పేరు కూడా పెట్టి వచ్చాడు. బాలిలో చూస్తే అది కనపడదు. ఎందుకు కనపడదన్న ప్రశ్నకి జవాబు వెతికేటప్పుడు ఈ తల్లీబిడ్డల ఆట దగ్గర ఆగాడు. నేను రాసింది ఆ ఆట గురించే. ఆ ఎడిటరు గారు ఆ పేరా మొత్తం కొట్టేసి "సంస్కృతి వ్యక్తిత్వాన్ని నిర్మిస్తుందని వీరు నిరూపించారు" అన్న ముక్క చేర్చి, పక్కన బాక్సు కట్టి పుట్టిన తేదీ, పోయిన తేదీ, గ్రంథాలు అని వేశారు. అడిగితే, "కథలు మాకు వేరే పేజీలో వస్తాయండీ" అన్నారు. ఆయన పోయి చాలా కాలమైంది, నా కోపం మాత్రం పోలేదు.

ఇప్పటి ఫ్యాషను ఇంకో రకం. "బేట్సన్ నేర్పే ఏడు జీవిత పాఠాలు." నీ వ్యాసం ఆఖరి పేజీ ఆ దారి పట్టబోయి ఆగింది, అదృష్టం. సమాచారం అంటే ఏమిటో చెబుతూ ఆయన వాడిన "తేడాని కలిగించే తేడా" అన్న మాట నువ్వు మూడు చోట్ల వాడావు, మూడు చోట్లా అలంకారంగానే. ఆయన ఆ మాట గాల్లోంచి తియ్యలేదు. క్లాసులో బోర్డు మీద సుద్దతో ఒత్తి ఒక చుక్క పెట్టి, దాని మీద వేలు కదలకుండా ఆనించి చూడండి, ఏమీ తెలియదు, వేలు జరిపితే అంచు తగులుతుంది అని చూపించేవాడు. ఆ సుద్దచుక్క పెట్టు, ఆ మాట ఒక్కసారి రాసినా చాలు.

డబుల్ బైండ్ సంగతి. ఇక్కడ నిజంగా జాగ్రత్త పడాలి నువ్వు. "ఇద్దరు బాసుల మధ్య నలిగిపోవడం, ఎటూ తేల్చుకోలేకపోవడం" అని రాశావు. ఆఫీసు టెన్షన్ కాదమ్మా అది. 1956లో బేట్సన్, జాక్సన్, హేలీ, వీక్లాండ్ నలుగురూ కలిసి రాసిన పేపర్లో ఒక చిన్న ఘటన ఉంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు బారిన పడి కాస్త కోలుకున్న కుర్రాణ్ణి చూడటానికి తల్లి ఆసుపత్రికి వస్తుంది. అతను సంతోషంతో ఆమె భుజం చుట్టూ చెయ్యి వేస్తాడు. ఆమె ఒళ్లు బిగుసుకుంటుంది. చెయ్యి తీసేస్తాడు. "నా మీద ప్రేమ లేదా ఇక?" అంటుంది. అతని మొహం ఎర్రబడుతుంది. "అంత తేలిగ్గా సిగ్గుపడకూడదు, నీ భావాలకి నువ్వే భయపడకూడదు" అంటుంది. అతను ఇంక కొన్ని నిమిషాలకంటే ఆమె దగ్గర ఉండలేకపోతాడు, ఆమె వెళ్లాక ఒక వార్డు సహాయకుడి మీద పడి కొడతాడు. చెయ్యి ఉంచినా తప్పే, తీసినా తప్పే, ఇది అన్యాయం అని నోరు తెరిచి చెప్పే వీలు లేదు, అక్కణ్ణించి పారిపోయే వీలూ లేదు. ఇవన్నీ ఒకచోట కూడితేనే అది డబుల్ బైండ్.

అయితే నువ్వు "స్కిజోఫ్రీనియాకి కారణం ఇదేనని కనుగొన్నారు" అని రాసిన వాక్యం కొట్టెయ్. కుటుంబంలో మాటలే ఆ జబ్బుకి కారణమన్నది తరవాతి పరిశోధనల్లో నిలబడలేదు. ఆ రోజుల్లో ఇలాంటి సిద్ధాంతాల వల్ల ఎందరో తల్లులు చెయ్యని నేరానికి తలవంచుకున్నారు. కారణంగా నిలబడకపోయినా ఆ ఆసుపత్రి గదిలో జరిగింది మాత్రం అబద్ధం కాదు, కుటుంబాలతో కలిసి కూచుని వైద్యం చేసే పద్ధతికి అది ఒక దారి వేసింది. ఈ రెండూ పక్కపక్కనే రాయగలగాలి. పొగడటానికే కూచున్నవాళ్లకి ఇది చేతకాదు.

బేట్సన్ వాళ్ల అన్న మార్టిన్ గురించి నువ్వు రాసిన పేజీన్నర కూడా తీసెయ్. పెద్దన్న జాన్ 1918లో యుద్ధంలో పోయాడు, అతని పుట్టినరోజునే, 1922 ఏప్రిల్ 22న, మార్టిన్ లండన్‌లో పికడిల్లీ సర్కస్ దగ్గర ప్రాణం తీసుకున్నాడు. గ్రెగరీకి అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. ఇంతవరకు జరిగింది. "ఆ గాయమే ఆయన్ని ఆలోచనాపరుణ్ణి చేసింది" అన్నది నీ సొంత కవిత్వం. జరిగింది చెప్పి ఊరుకో, చాలు.

నీ పుస్తకం ఎప్పుడు వెయ్యొచ్చని, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. బేట్సన్ ఆలోచనల్ని జనం చేతికి అందించిన పుస్తకం, స్టెప్స్ టు యాన్ ఎకాలజీ ఆఫ్ మైండ్, 1972లో వచ్చింది, అప్పటికాయనకి 68 ఏళ్లు రాబోతున్నాయి. అప్పటిదాకా గ్రాంట్ల మీద బతుకు, ఒకచోట ఆసుపత్రి, ఒకచోట డాల్ఫిన్లు, ఏ డిపార్టుమెంటూ మావాడని చెప్పుకోలేదు. కలం పేరు సంగతి నన్నడక్కు.

డాల్ఫిన్లంటే గుర్తొచ్చింది, ఇది నీ వ్యాసంలో అసలు లేదు. హవాయిలో ఉన్నప్పుడు చూశాడు. ట్రెయినరు ఒక ఆడ డాల్ఫిన్‌తో పట్టిన పని ఏమిటంటే, ప్రతి సెషన్లోనూ కొత్త విన్యాసం చేస్తేనే విజిల్, చేప. నిన్న చేసింది ఇవాళ చేస్తే ఏమీ లేదు. పాపం దానికి ఆ సంగతి ఎవరు చెబుతారు? పాత విన్యాసమే చేసి చేసి, ఏమీ రాక, విసుగులో పొరపాటున ఇంకేదో చేస్తే దానికి చేప దొరికేది. పద్నాలుగు సెషన్ల దాకా ఇదే తంతు. పద్నాలుగుకీ పదిహేనుకీ మధ్య విరామంలో అది నిలవలేనంత హుషారెత్తిపోయింది, పదిహేనో సెషన్‌కి వచ్చి ఎనిమిది రకాల విన్యాసాలు చూపించింది, అందులో నాలుగు ఆ జాతి డాల్ఫిన్లలో ఎవరూ అంతకుముందు చూడనివి. బేట్సన్ ఇందులో నాకు నచ్చిన ఇంకో సంగతి రాశాడు. మధ్యలో ట్రెయినరు చాలాసార్లు రూలు తప్పి, సంపాదించుకోని చేపలు కూడా పడేసింది. ఊరికే తప్పు తప్పు అంటూ పోతే ఆ జంతువుతో సంబంధమే తెగిపోయేలా ఉంది కాబట్టి. నాకు ఊరికే చేప పడేసిన ఎడిటరు ఒక్కడూ తగల్లేదు, అది వేరే విషయం.

ఇక నువ్వు చెయ్యాల్సింది. మొదటి మూడు పేజీలు పక్కన పడేసి, కోతుల దగ్గర మొదలుపెట్టు. తమ్ముణ్ణి బ్రాకెట్లోంచి బయటికి తీసుకురా, అండమాన్ తరవాత వాడొస్తే సరిగ్గా కుదురుతాడు. ఇయాట్ముల్ జనం మీద ఆయన రాసిన నేవెన్ అనే పుస్తకం ఇప్పుడు పట్టుకోకు, అందులో మేనల్లుడు మొదటిసారి ఏదైనా ఘనకార్యం చేస్తే మేనమామ చిరుగుల విధవ వేషం కట్టి ఊరంతా నవ్వేలా తిరిగే తంతు ఉంది, దానిమీద వేరే వ్యాసమే రాయొచ్చు. తండ్రీకూతుళ్ల సంభాషణలుగా రాసిన మెటాలాగ్‌లు మాత్రం ముందు చదువు. వస్తువులన్నీ ఎందుకు చిందరవందర అయిపోతాయని ఆ కూతురు అడుగుతుంది, దాంతో మొదలుపెట్టు. మళ్లీ పంపేటప్పుడు పేజీ నంబర్లు వెయ్యి, ఫోనుతో ఫొటోలు తీసి కాకుండా టైపు చేసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు. వచ్చే నెల రెండో వారం దాకా నేను ఊళ్లో ఉండను, తొందరేం లేదు.